పుట్టగొడుగు వేరు

వానలకు నేల నానాక చెదపుట్టల చుట్టూ లేచే తెల్ల పుట్టగొడుగులది టెర్మిటోమైసెస్ ప్రజాతి. 1942లో దానికా పేరు పెట్టినవాడు ఫ్రెంచి శిలీంధ్ర శాస్త్రవేత్త రోజే హైమ్. దక్షిణ భారతంలో దొరికే ఒక జాతిని 1979లో నటరాజన్ వర్ణించి, హైమ్ పేరు మీదుగానే టెర్మిటోమైసెస్ హైమీ అన్నారు.

కూర వండేవాళ్లకు గొడుగుతోనే పని. పనితనం చూడాలనుకుంటే మాత్రం కాడను విరవకుండా పక్కనుంచి మట్టి తవ్వుకుంటూ పోవాలి. నేలలోకి దిగిన కాడ అక్కడితో ఆగదు. వేరులా సన్నబడుతూ పోయి పోయి చెదల గూటిని చేరుతుంది. అక్కడ స్పాంజిలా గుల్లగా ఓ ముద్ద ఉంటుంది. తిన్న ఆకూ పుల్లా అరిగీ అరగకుండా విసర్జించి, దానితోనే చెదలు కట్టుకున్న తోట అది. కలపలోని లిగ్నిన్ చెదలకు ఒక పట్టాన లొంగదు. దాన్ని విడగొట్టే పని శిలీంధ్రానిది. అలా పండిన పంటను చెదలు తింటాయి.

ఆ లోతు నుంచి గట్టి మట్టిని చీల్చుకుని రావడం మెత్తటి గొడుగు వల్ల అయ్యే పనేనా? అందుకే నడినెత్తిన ఓ మొన ఉంది. మిగతా గొడుగు కంటే ముదురు రంగు, గట్టిదనం కూడా ఎక్కువే. పైకి తేలేదాకా గొడుగు దాని చుట్టూ ముడుచుకునే ఉంటుంది. విచ్చుకున్నాక కూడా వేలితో తడిమితే మొన తగులుతుంది.

గొడుగు అడుగున మొప్పలు కాడను అంటవు. రాత్రంతా కాగితం మీద బోర్లించి ఉంచితే లేత గులాబీ పొడి రాలుతుంది. పచ్చిక బయళ్లలో లేచి, తిన్నవాళ్లకు వాంతులూ విరేచనాలూ తెచ్చే క్లోరోఫిలమ్ మాలిబ్డైటిస్ పొడి ఆకుపచ్చగా ఉంటుంది. లేతప్పుడు దాని మొప్పలూ తెల్లగానే ఉంటాయి, కాడకు ఉంగరమూ ఉంటుంది. హైమీకీ ఉంగరముంది కనక ఆ గుర్తును నమ్ముకుంటే చిక్కే. గులాబీ పొడి రాల్చేవి వేరే జాతులూ ఉన్నాయి. ఫోనులో పైనుంచి తీసిన ఫొటో చూపించి పేరు చెప్పమనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. అసలు ఆధారాన్ని నేలలో వదిలేసి వస్తారు.

ఈ ప్రజాతిలోనే వేరు లేనిదీ ఒకటుంది, టెర్మిటోమైసెస్ మైక్రోకార్పస్. గోరంత గొడుగులు వందలకొద్దీ గుంపుగా లేస్తాయి. చెదలే తమ తోట ముక్కలను పైకి మోసుకొచ్చి పరుస్తాయి కనక దానికి వేరుతో పనిలేదు. అంత చిన్న గొడుగుకూ నెత్తిన మొన మాత్రం ఉంది.