ఓన్లీ అంటే మాత్రమేనా?

ఇంగ్లీషు వార్తని తెలుగు చేసే డెస్కులో కొన్ని మాటలు కంటపడగానే, ఆలోచన కన్నా ముందే వేళ్లు కదిలిపోతాయి. 'ఓన్లీ' కనబడిందా, 'మాత్రమే' పడిపోతుంది. అది చాలదనిపిస్తే ముందు 'కేవలం' కూడా వచ్చి చేరుతుంది. 'సమావేశానికి కేవలం ముగ్గురు మాత్రమే హాజరయ్యారు.' ఇలాంటి వాక్యం లేని పేపరు ఈమధ్య ఎవరైనా చదివారా? ఆ రెండు మాటలూ సంస్కృతం నుంచి వచ్చినవే, రెండూ చేసే పనీ ఒకటే. ఒకటి ఉంటే రెండోది దండగ.

నిజానికి చాలాచోట్ల రెండూ దండగే. 'ముగ్గురే వచ్చారు' అంటే సరిపోతుంది. ఆ 'ఏ'ని వ్యాకరణంలో అవధారణార్థకం అంటారు. పేరు బరువైనదే కానీ, మాట్లాడేటప్పుడు అందరం రోజంతా వాడేదే. వచ్చినవాళ్లు మరీ తక్కువని ఎత్తిచూపాలంటే 'పట్టుమని పదిమంది కూడా రాలేదు' అనొచ్చు. ఇందులో లెక్కతో పాటు ఈసడింపు కూడా ఉంది. 'మాత్రమే'లో అది పలకదు.

ఇంగ్లీషువాళ్లకి ఈ మాటతో వచ్చిన తంటా వేరు. అర్థం అందరికీ తెలుసు, ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. 'ఐ ఓన్లీ గేవ్ రవి ద బుక్' అంటే రవికి పుస్తకం తప్ప మరేమీ ఇవ్వలేదనా, రవికి తప్ప మరెవరికీ ఇవ్వలేదనా? మాట్లాడేటప్పుడు గొంతు ఏ మాట దగ్గర ఊనిందో దాన్నిబట్టి తెలుస్తుంది. కాగితం మీద గొంతు ఉండదు. ఏ మాటకి చెందితే దాని పక్కనే పెట్టాలని 18వ శతాబ్దిలోనే రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో పట్టుబట్టాడు. 1926లో వచ్చిన ఫౌలర్ నిఘంటువు మాత్రం, పొరపాటు పడే ప్రమాదం లేనప్పుడు అది సహజంగా వచ్చే చోట ఉండనివ్వమంది. నా ఓటు ఫౌలర్‌కే. కాకపోతే ఆ స్వేచ్ఛ రాసేవాడికి ఉంటుంది గానీ అనువాదకుడికి ఉండదు. తెలుగులో 'పుస్తకమే' అనాలా, 'రవికే' అనాలా అన్నది తేల్చుకోకుండా వాక్యం కదలదు.

ఈ 'ఏ'కీ ఒక హద్దుంది. 'రవే', 'నిన్ననే', 'ఊళ్లోనే' అంటూ ఎక్కడైనా అతుక్కుంటుంది కానీ, చివరి క్రియ దగ్గరికి వచ్చేసరికి ప్లేటు ఫిరాయిస్తుంది. 'ఇచ్చానే!' అంటే ఇవ్వడం ఒక్కటే చేశానని కాదు, ఇచ్చాక మళ్లీ అడుగుతావేమిటని. అక్కడ 'ఇచ్చానంతే' అనాలి. లేదంటే 'ఇవ్వడమే తప్ప వెనక్కి అడగలేదు' అని తిప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది 'ఓన్లీ ఆఫ్టర్'. 'వర్షం కురిసిన తర్వాత మాత్రమే రైతులు విత్తనాలు వేశారు' అని రాసేస్తాం. ఏ రైతూ అలా మాట్లాడడు. 'వాన పడితే గానీ విత్తనం వెయ్యలేదు' అంటాడు. ఇంగ్లీషులో అవునన్న వాక్యం తెలుగులో కాదన్న వాక్యమైపోయింది, అర్థం చెక్కుచెదరలేదు. ఇందులో ఇంకో తమాషా. రైతు తెలుగులోనే చెప్పి ఉంటాడు, ఏజెన్సీ విలేకరి దాన్ని ఇంగ్లీషు చేసి ఉంటాడు, దాన్ని మనం మళ్లీ తెలుగులోకి తెచ్చేసరికి రైతే గుర్తుపట్టలేని మాటగా తయారవుతుంది. 'ఓన్లీ సన్'ది కూడా ఇదే కథ. ఇంట్లో 'ఒక్కగానొక్క కొడుకు', పేపర్లో 'ఏకైక కుమారుడు'. 'ఇఫ్ ఓన్లీ' ఎదురైతే 'మాత్రమే' జోలికే పోకూడదు. 'ఆ రోజు బండి తియ్యకపోయినా బాగుండేది' అంటే చాలు, ఆ దిగులంతా అందులోనే ఉంది.

దీనికి ఎదురు వరస కూడా ఉంది. మనవాళ్లు ఇంగ్లీషులో 'ఐ యామ్ హియర్ ఓన్లీ' అంటే నవ్వుతారు. నాకు నవ్వు రాదు. అది 'ఇక్కడే ఉన్నా' అన్న మాట. మన 'ఏ' మిగతావాటిని తోసిపుచ్చుతుంది, అవసరమైతే ఉన్నదాన్నే నొక్కి చెబుతుంది. ఈ రెండో పనిని కూడా 'ఓన్లీ' నెత్తిన పెట్టాం. హిందీవాళ్లు 'హీ'తో, తమిళులు 'దాన్'తో చేసేదీ ఇదే కాబట్టి దేశమంతా ఈ వాడుక పాకింది. అయితే లండన్‌లో చదివేవాడికి ఆ నొక్కు వినపడదు. అందుకే రాతలో వాడను.

'మాత్రమే' కచ్చితంగా ఉండాల్సిన చోట్లు లేకపోలేదు. బస్సు సీటు మీద 'స్త్రీలకు మాత్రమే' అన్నప్పుడు అందులో నిబంధన గొంతు వినబడాలి. చెక్కు మీద 'అయిదు వేల రూపాయలు మాత్రమే' అని రాసేది వెనకాల ఎవరూ ఇంకో మాట చేర్చకుండా తలుపు మూయడానికి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే చెల్లేది అక్షరాల్లో రాసిన మొత్తమే. అక్కడ 'అయిదు వేలే' అని రాస్తే బ్యాంకు క్లర్కు మన ముఖం చూస్తాడు.

డెస్కుల్లో పనిచేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మనవి. ఇవాళ పేజీ వదిలే ముందు 'కేవలం' అని ఒక్కసారి సెర్చ్ కొట్టండి. అదే వాక్యంలో 'మాత్రమే' కూడా కనబడితే, రెంటిలో ఒకటి తీసేయండి. వాక్యాన్ని పైకి చదివి చూసి, వీలైతే రెండోదీ తీసేయండి.