పెట్రోలు మంట: వెండితెర మీద, బంకు దగ్గర

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘ది బర్డ్స్’ (1963) అనే ఆంగ్ల చిత్రంలో ఒక పెట్రోలు బంకు ఘట్టమున్నది. కాలిఫోర్నియా తీరాన బొడేగా బే అనే చిన్న ఊరు. పెట్రోలు పోస్తున్న మనిషిని ఒక సముద్రపక్షి పొడిచి పడగొడుతుంది. చేతిలోని గొట్టం నేలపాలై, పెట్రోలు పల్లానికి పారుతుంది. అక్కడొకాయన చుట్ట ముట్టించబోతాడు. హోటలు కిటికీలోనుండి జనం వేసే కేకలు ఆయనకు బోధపడవు. అగ్గిపుల్ల వేలికి చురుక్కుమని జారిపోతుంది. మరుక్షణం భగ్గున మంట!

ఈ దృశ్యాన్ని సైన్సు మాస్టరు దిద్దితే ఎన్ని మార్కులు వేయవచ్చును?

అగ్గిపుల్లకు పూర్తి మార్కులు వేయవలసినదే. నిజానికి మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. సున్నాకు దిగువ 40 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో కూడా పెట్రోలునుండి అంటుకొనదగినంత ఆవిరి లేస్తుంది. అది గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది కాబట్టి నేలనంటి పల్లానికి పాకుతుంది. గాలిలో అది నూటికి సుమారు 1.4 నుండి 7.6 పాళ్లవరకు ఉన్నప్పుడే మండుతుంది. అంతకు తక్కువైనా, ఎక్కువైనా మండదు.

హిచ్‌కాక్ జారవిడిపించినది మండే పుల్లను. తరువాతి చిత్రాలు కొన్ని కాలుతున్న సిగరెట్టును విసరించి పెట్రోలును మండించినవి. ఇక్కడ మార్కులు తగ్గించవలెను. అమెరికా ప్రభుత్వపు అగ్నిపరిశోధనశాలవారు 723 సిగరెట్లను మండదగిన పెట్రోలు ఆవిరిలో 4,500కు పైగా పర్యాయాలు ఉంచి చూచి, 2013లో ఫలితాలు ప్రకటించినారు. ఒక్కసారి కూడా అంటుకొనలేదు. సిగరెట్టు కొన వేడి చాలకనా? కాదు, ఆవిరి తనంతట తాను అంటుకొనేందుకు కావలసిన ఉష్ణోగ్రతకంటె అది చాలా ఎక్కువే. కాని ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు. వేడి తలం ఎంత పెద్దది, ఆవిరి దాని చెంత ఎంతసేపు నిలిచినది అనేవి కూడా లెక్కకు వస్తాయి. అయితే బంకులో సిగరెట్టు కాల్చవచ్చునని దీని అర్థం కాదు. సిగరెట్టు ముట్టించేది మంటతోనే గదా!

ఇక సెల్‌ఫోను సంగతి. ఫోను వలన బంకులో మంట లేచినదని రుజువైన ఉదంతం లేదు. ఆవిరికి నిప్పంటించడానికి మిల్లీజూలులో నాలుగవ వంతు శక్తిగల రవ్వ చాలును. పొడిగాలిలో బట్టల రాపిడివలన మన ఒంటిమీద చేరే స్థిరవిద్యుత్తుకు అంతకు ఎన్నో రెట్లు శక్తి ఉండవచ్చును. అమెరికాలో ఫోను మీదికి నెట్టిన మంటలు పలుమార్లు ఈ రవ్వ పనియేనని తేలినది. ఫోను పక్కన పెట్టుట మంచిదే, అది ధ్యాసను మరలిస్తుంది గనుక. కాని ఫోను జేబులో వేసుకొని, ఇక భయం లేదనుకొనుట ప్రమాదం. తప్పుడు భయం చేసే కీడు ఇదే: అసలు భయాన్ని మరపిస్తుంది.

మోటారుసైకిలు సంగతి చూడండి. పెట్రోలు ట్యాంకు రెండు మోకాళ్ల నడుమ, దాని క్రిందనే కాలిన ఇంజను. ఒలికిన పెట్రోలు పడేది అక్కడనే. బండిమీద కూర్చున్నవాడు చప్పున తప్పుకొనలేడు. ముందు పసివాడు కూర్చుంటే చెప్పనక్కరలేదు. కావున ఇంజను ఆపి, అందరూ దిగి, బండికి స్టాండు వేసి, మూత తీయకముందే లోహభాగాన్ని ముట్టవలెను. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోయించరాదు. విద్యుత్తు నేలకు దిగే దారి అందులో లేదు.

వేసవిలో నిండు ట్యాంకు బాంబువలె పేలుతుందనే వదంతి మరొకటి. విద్యార్థులు లెక్క కట్టవచ్చును. పెట్రోలు ఒక్కొక్క డిగ్రీకి వెయ్యింట సుమారు ఒక వంతు వ్యాకోచిస్తుంది. 12 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది పావు లీటరుకు లోపే. పేలదు, అంచువరకు నింపితే పొంగి ఇంజనుమీద కారవచ్చును. మెడ క్రింద కొంత ఖాళీ ఉంచితే చాలును.

హిచ్‌కాక్ చిత్రంలోని జనం ప్రమాదాన్ని చూచి అరచినారు, కాని వారి మాట ఆయనకు అందలేదు. మన బోర్డులు, మన పాఠాలు అట్లు కాకూడదు. ‘వద్దు’ అన్నప్పుడెల్లా ‘ఎందుకు’ అనేది కూడా చెప్పవలెను.