గళ్ళలో ఒదిగిన బృందనృత్యం

కరోనా మహమ్మారి కాలంలో కళలన్నీ ఒకే తీరున దెబ్బతినలేదు. చిత్రకారుడికి ఒక గది చాలింది. గాయకుడికి తంబురా తోడు చాలింది. ఒంటరిగా ఆడే శాస్త్రీయ నృత్యం సైతం ఇంటి వసారాలో ఏదో ఒక విధంగా నిలదొక్కుకున్నది. అన్నిటికన్నా చిక్కులలో పడినది పాఠశాల బృందనృత్యం. పదిమంది పిల్లలు ఒకచోట కూడనిదే ఆ కళకు ఉనికి లేదు. 2020, 2021 వేసవులలో అటువంటి బృందాలకు అంతర్జాలం ద్వారా శిక్షణ ఇచ్చే ప్రయత్నాలు సాగాయి. వాటి ఫలితంగా వెలువడిన దృశ్యాలను మెచ్చుకోవడం సులభం. కళాదృష్టితో విమర్శించడం అవసరం. ఆ శిక్షణ పిల్లలకు నృత్యం మాత్రమే నేర్పిందా, బృందనృత్యం కూడా నేర్పిందా అన్నది ఇక్కడ విచారించవలసిన ప్రశ్న.

ఈ విచారణకు కోల్‌కతా నగరపు నైరుతి భాగంలోని ఏక్‌బాల్‌పూర్ తగిన నేపథ్యం. ఖిదిర్‌పూర్ రేవుకు చేరువగా, ఇరుకు సందులతో, కిక్కిరిసిన ఇళ్ళతో ఉన్న పేట ఇది. దీనికి పడమరగా గార్డెన్‌రీచ్, మటియాబుర్జ్ ప్రాంతాలున్నాయి. పూర్వపు బెంగాల్-నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం వెలసినది గార్డెన్‌రీచ్‌లోనే. వాల్తేరు వరకు సాగిన ఆ రైలుమార్గం ఎన్నో తెలుగు కుటుంబాలను ఖరగ్‌పూర్‌కు, కోల్‌కతాకు చేర్చింది. 1856లో రాజ్యం కోల్పోయిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, 1887లో మరణించేవరకు తన ప్రవాస జీవితంలో అధికభాగం మటియాబుర్జ్‌లో గడిపాడు. 1877లో వెలువడిన తన ‘బనీ’ గ్రంథంలో ఆయన ‘రహస్’ అనే బృందనృత్యపు 36 రకాలను వేషభూషలతో, రంగాలంకరణతో సహా వివరించాడు. నర్తకుల కూర్పును కాగితం మీద భద్రపరచే యత్నం అది. అయితే ఆ వ్రాత జ్ఞాపకానికి ఆసరా మాత్రమే. ఆడవలసినవారు ఒకరి పక్కన ఒకరు నిలిచి ఆడేవారు. అక్కడ మాధ్యమం బృందానికి తోడైనదే గాని, బృందానికి బదులు కాలేదు.

2020లో పరిస్థితి తారుమారైంది. ఆ ఏడు మార్చి మధ్యలో పశ్చిమ బెంగాల్ పాఠశాలలు మూతబడ్డాయి. మే 20న అంఫన్ తుపాను తాకిడికి కోల్‌కతాలోని అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు, అంతర్జాలం లేదు. 2021 ఫిబ్రవరిలో పై తరగతులు తెరచినా, రెండవ విడత ఉద్ధృతి వల్ల ఏప్రిల్‌లో మళ్ళీ మూసివేశారు. పై తరగతులు తిరిగి నవంబరు 16న, ప్రాథమిక తరగతులు 2022 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఈ మధ్యకాలంలో బడి అరుగు మీద జరగవలసిన వేసవి శిక్షణకు మిగిలిన దారి తెర ఒక్కటే.

తెర మీది నృత్యబోధనలోని చిక్కులు పైకి సాంకేతికమైనవి, లోన కళాసంబంధమైనవి. గురువు వేసిన తాళం శిష్యుడికి రవ్వంత ఆలస్యంగా చేరుతుంది. శిష్యుడి అడుగు గురువుకు మరికొంత ఆలస్యంగా కనిపిస్తుంది. పదిమందికి పది విధాల ఆలస్యం. కనుక అందరూ ఒకే తాళానికి కలిసి అడుగు వేయడం అసాధ్యం. పైగా సంభాషణ కోసం రూపొందిన ఈ సాధనాలు మాటను నిలిపి, ఇతర శబ్దాలను రొదగా ఎంచి అణచివేస్తాయి. తాళపు దెబ్బ, గజ్జెల మోత ఆ రొదలోనే జమ అవుతాయి. అందుచేత ఒక ఉపాయం వాడుకలోకి వచ్చింది. పాటను ముందుగా పంపుతారు. ఎవరింట వారు దానికి ఆడి, చిత్రీకరించి పంపుతారు. ఆ ముక్కలను గళ్ళు గళ్ళుగా పేర్చి ఒకే దృశ్యంగా చూపుతారు. అందులో కనిపించే ఐకమత్యం పిల్లలు సాధించినది కాదు. ముక్కలను కూర్చినవారు సాధించినది.

ఈ తేడాను గుర్తించడానికి మన కోలాటం మంచి గీటురాయి. ఒకరి కోల మరొకరి కోలకు తగిలితేనే అందులో తాళం పుడుతుంది. ఉద్దిగా నిలిచిన ఎదుటివారు ఒక అడుగు వెనుకబడితే ఆ లోటు చేతికి తెలుస్తుంది. జడకోలాటంలో ఒక్కరు దారి తప్పితే పైనుండి వేలాడే తాళ్ళ అల్లిక అంతా చిక్కుపడుతుంది. అరకు లోయలోని థింసాలో నర్తకులు వీపుల వెనుకగా చేతులు పెనవేసి వరుస కడతారు. ఇటువంటి రూపాలలో నృత్యం దేహంలో కన్న దేహాల నడుమనున్న చోటులో ఎక్కువగా ఉన్నది. పక్కవారికి ఎంత దూరంలో నిలవాలి, మలుపులో ఎవరు నిదానించాలి, తోటివారి తప్పును తన అడుగుతో ఎట్లా సర్దాలి అన్నదే బృందశిక్షణ. గళ్ళ దృశ్యంలో తన తప్పును మళ్ళీ ఆడి దిద్దుకోవచ్చు. తోటివారి తప్పును ఆదుకొనే సందర్భమే రాదు. చూపరులకు పొందిక కనిపించింది గాని, ఆడిన పిల్లలకు అది అనుభవంలోకి రాలేదు.

ఇంతమాత్రాన ఆ కృషిని తక్కువచేయడం న్యాయం కాదు. ముఖాభినయాన్ని, హస్తముద్రలను దగ్గరగా చూపడానికి తెర ఉపకరించింది. వెనుక వరుసలో దాగే పిల్లకు సైతం గురువు ఎదుట ఒక గడి దక్కింది. తన ఆటను తానే చూసి దిద్దుకొనే అలవాటుకు దారి ఏర్పడింది. భయం కమ్మిన ఇళ్ళలో రోజుకొక గంట దేహానికి పని, మనసుకు ఊరట లభించడం చిన్న విషయం కాదు. అవన్నీ వ్యక్తిగత సాధనకు చెందిన లాభాలు. వాటిని ఆ ఖాతాలోనే వేయాలి.

తెర ముందుకు రాలేనివారి మాట వేరు. 2020 ‘అసర్’ సర్వే ప్రకారం, గ్రామీణ భారతంలో బడిలో చేరిన పిల్లలలో 61.8 శాతం మంది ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నది. ఇంట్లో ఫోను ఉండడం వేరు, పిల్లల చేతికి అది గంటసేపు దక్కడం వేరు. నగరంలో మరొక కొరత చోటుది. కుటుంబమంతా ఒకే గదిలో మసలే ఇంట చేతులు బారచాపే వీలుండదు. మేడ గదిలో పాదం గట్టిగా తట్టితే క్రింది వాటా వారికి ఇబ్బంది. కూచిపూడికైనా కథక్‌కైనా పాదఘాతం ప్రాణం. పాఠశాల పేదపిల్లకు గురువును మాత్రమే కాదు, నేలను కూడా ఇస్తుంది. మహమ్మారి కాలంలో అత్యంత అసమానంగా పంపిణీ అయినది ఆ నేలే.

కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ‘కళా ఉత్సవ్’ సైతం 2020 సంవత్సరానికి అంతర్జాలంలోనే జరిగింది. అది ఆపద్ధర్మం. ఖర్చు తక్కువ, చూపడానికి అనువు అన్న కారణాలతో ఆపద్ధర్మం నిత్యధర్మంగా స్థిరపడకుండా చూడవలసినది సాంస్కృతిక, విద్యా శాఖల అధికారులు. పేర్చిన దృశ్యాన్ని బృందప్రదర్శనగా నివేదికలలో లెక్కించరాదు. వేసవి శిబిరాలలో కోలాటం, థింసా వంటి సామూహిక రూపాలకు ముందుచోటు ఇవ్వాలి. ఆ రెండేళ్ళూ జట్టులో ఆడే అవకాశం దక్కనివారికి అవి మొదటి పాఠం కావాలి. ఏక్‌బాల్‌పూర్ వంటి పేటలలో సెలవు దినాలలోనూ బడి ఆవరణను నృత్యాభ్యాసానికి తెరచి ఉంచాలి. తెర గురువును ఇంటికి తెచ్చింది, ఉద్దిని తేలేకపోయింది. దానిని సమకూర్చే బాధ్యత ఇప్పుడు పాఠశాలలదే.