‘అతి’ చాలదు: సూపర్‌ప్లాస్టిసిటీకి తెలుగు పేరు - ఒక పరిశీలన

శాస్త్ర పరిభాషను తెలుగు చేసేటప్పుడు ‘సూపర్’ కనిపించగానే ‘అతి’ చేర్చడం మనకు అలవాటు. ‘అతివాహకత’ అలాగే స్థిరపడింది. సూపర్‌ప్లాస్టిసిటీని అదే పద్ధతిలో ‘అతిసుఘట్యత’ అనవచ్చు. ఆ మాట విషయాన్ని మరుగుపరుస్తుందని నా వాదన. (‘సూపర్‌ప్లాస్టిక్’ అని ఉన్నదున్నట్టు రాస్తే పాఠకుడికి ప్లాస్టిక్ సీసా గుర్తుకు వస్తుంది.)

‘అతి’ పరిమాణవాచి. ఈ లోహం సాగే పరిమాణం పెద్దదే. 1934లో పియర్సన్ బిస్మత్-తగరం మిశ్రమలోహాన్ని సుమారు 1950 శాతం సాగదీశాడు. అయితే అసలు విశేషం సాగే తీరులో ఉంది. సాధారణంగా లోహాన్ని సాగదీస్తే అందులోని స్ఫటిక రేణువులూ పొడవుగా సాగుతాయి. ఇక్కడ అవి తమ ఆకారాన్ని చాలావరకు నిలుపుకుంటూ ఒకదాని పక్కనుంచి మరొకటి జారుతాయి.

అల్యూమినియం తయారీలో ఈ భేదం స్పష్టమవుతుంది. 7475 మిశ్రమలోహాన్ని ఊరికే వేడిచేసి, వాయుపీడనంతో అచ్చులోకి ఉబ్బించడం కుదరదు. ముందుగా ఉష్ణచర్యతో అందులో ముతక అవక్షేప కణాలు ఏర్పడనిస్తారు. రోలర్ల మధ్య నలిపి రేకు చేస్తారు. వేగంగా మళ్లీ వేడిచేస్తారు. ఆ కణాల చుట్టూ కొత్త రేణువులు పుట్టి, రేణు పరిమాణం సుమారు 10 మైక్రాన్లకు దిగుతుంది. సుప్రాల్ అనే మరో మిశ్రమలోహంలో జిర్కోనియంతో ఏర్పడిన సూక్ష్మకణాలు రేణువులను పెరగనీయవు. శ్రమంతా రేణువును చిన్నదిగా నిలపడానికే. ‘అతి’లో ఈ సంగతి లేదు.

పెంబర్తి ఇత్తడి పనివారి వంటి వృత్తికారుల మాటలు తీసుకోవచ్చు కదా అనే ప్రశ్న సహజం. ‘సాగు’ పనికొస్తుంది. ‘కాచు’ విషయంలో జాగ్రత్త అవసరం. దెబ్బలకు బిరుసెక్కిన రేకు కాచితే మెత్తబడుతుంది. ఇక్కడ ఎక్కువసేపు కాచితే రేణువులు పెరిగి ఆ గుణమే పోతుంది.

1945లో బొచ్వార్, స్విదెర్‌స్కాయా రష్యన్‌లో పెట్టిన పేరులోనూ ‘అతి’ అనే అర్థమే ఉంది. నిజమే. కానీ ఆంగ్లంలో చదివే పరిశోధకుడికి పేరుతోపాటు పద్మనాభన్, డేవిస్‌ల 1980 నాటి గ్రంథం వంటివి అందుతాయి. ఆ పద్మనాభన్ తరువాతి కాలంలో హైటెక్ సిటీకి పొరుగున, గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. తెలుగు శాఖ ఉన్నదీ ఆ ప్రాంగణంలోనే. పదకోశం తెరిచిన తెలుగు విద్యార్థికి మాత్రం దక్కేది ఒక్క పదమే. వివరణ భారమంతా ఆ పదమే మోయాలి.

అందుకే ‘రేణుజారుడు సాగుదల’ అని ప్రతిపాదిస్తున్నాను. వైరిసమాసమనే ఆక్షేపణ వస్తుంది. శుద్ధ సంస్కృతంలో ‘రేణుసర్పణ వ్యాకోచం’ అంటే ఉష్ణవ్యాకోచమని పొరబడే ప్రమాదం ఉంది. వ్యాకరణ దోషం ఉన్నా మొదటిదే మేలు.