రంగు మార్చని ఫోటో

మా అక్క పెళ్లిచూపులకు తీయించిన ఫోటో ఇంకా ఇంట్లో ఉంది. చీర అక్కదే, ముఖం మాత్రం అక్కది కాదు. స్టూడియోలో టచప్ చేసి చామనఛాయను తెల్లగా మార్చేశారు. నందికొట్కూరు కాలేజీ పిల్లలు ఫోన్లతో ఫ్యాషన్ ఫోటోలు తీస్తుంటే నాకు అదే గుర్తొస్తుంది. ఆ తప్పు దిద్దే అవకాశం ఇప్పుడు వీళ్ల చేతిలో ఉంది.

ఫోటో తీయడం మనకు కొత్త విద్య కాదు. 1892లోనే ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళకే అప్పగించాడు. ఆడవాళ్లను ఎవరు చూడాలి, ఎవరు తీయాలి అన్న ప్రశ్న ఆనాడే కెమెరా ముందుకొచ్చింది. ఒంటి రంగు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. రంగుల ఫిలిం కాలంలో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ ఇచ్చిన ‘షర్లీ’ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లవాళ్ల ముఖాలే ఉండేవి.

కెమెరా మామూలుగా దేన్ని చూసినా నడిమిరకం బూడిదరంగు అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. సున్నం గోడ ముందు నల్లటి పిల్లను నిలబెడితే ఆ తెలుపుకు బెదిరి ముఖాన్ని చీకటి చేస్తుంది. అందుకే స్క్రీన్ మీద ముఖాన్ని తాకి, వెలుతురు అక్కడికి సరిచేసుకోవాలి. బ్యూటీ మోడ్ ఆపేయాలి. మన మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్లకింద గుంటలు పడతాయి కాబట్టి వసారా నీడలోకి రావాలి. ఒక స్నేహితుడు తెల్ల పంచెను గడ్డం కిందుగా పట్టుకుంటే చాలు, నల్లటి చెంప మీద మెరుపు తేలుతుంది. వాకిలి పక్కనుంచి వెలుగు వాలితే చేనేత చీరలో పోగు పోగూ కనిపిస్తుంది. ఎదురు ఫ్లాష్ కొడితే అదంతా చదునైపోతుంది.

తాండాల్లో పెద్ద వయసు సుగాలి ఆడవాళ్ల అద్దాల రవికలను తీయడం ఇంకా కష్టం. ఎండలో ప్రతి అద్దమూ ఒక సూర్యుడే. నీడలో మనిషిని కాస్త పక్కకు తిప్పి తీయాలి. దగ్గరికెళ్తే ఏదో ఒక అద్దంలో తీసేవాడి ఫోనూ పడుతుంది. దాన్ని చెరపొద్దు, ఎవరు చూస్తున్నారో కూడా ఫోటోలో ఉండాలి. ఆ బట్టలు అడిగి తెచ్చి ఇంకో తెల్లటి అమ్మాయికి తొడగడం మాత్రం తప్పు.

ఇక జీన్స్. అది పత్తి, పత్తి మన చేలది. హైబ్రిడ్ పత్తి విత్తనాల కోసం పూలను చేత్తో క్రాసింగ్ చేసే పనికి ఆడపిల్లలను బడి మాన్పించి పంపిన చరిత్ర నందికొట్కూరు ఉన్న ఉమ్మడి కర్నూలు జిల్లాకుంది. జీన్స్ వేసుకున్న కూతురిని పత్తి ఏరే తల్లి పక్కన నిలబెట్టి తీస్తే, ఫ్యాషనూ ఊరి కథా ఒకే ఫోటోలోకి వస్తాయి. ఇద్దరినీ అడిగి తీయండి, ప్రింటు వేయించి ముందు ఆ తల్లి చేతికివ్వండి.