బందరు శాఖామార్గం: స్థానిక చరిత్ర రచనలో ఒక లోపం

స్థానిక చరిత్ర రచనలలో రైలుమార్గాన్ని ఆధునికతకు మారుపేరుగా గ్రహించడం పరిపాటి. విజయవాడ – గుడివాడ – మచిలీపట్నం మార్గం విషయంలోనూ ఇదే ధోరణి: 1908లో మీటరుగేజి, తరువాత బ్రాడ్‌గేజి, ఇటీవల విద్యుదీకరణ. ప్రతి మెట్టూ పురోగతిగానే నమోదవుతుంది. ఈ వరుసలో కనిపించనిది సరుకు.

రైలు వచ్చేనాటికి బందరు రేవు క్షీణదశలో ఉంది. 1864 నాటి ఉప్పెన పట్టణాన్ని కోలుకోలేని దెబ్బ తీసింది. తీరం మేటవేయడంతో పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరు వేయవలసి వచ్చేది. పైగా 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట నీటితో నడిచే బందరు కాలువలో పడవల రవాణా అప్పటికే స్థిరపడింది. కనుక రైలు చేరినది ఎదుగుతున్న రేవును కాదు. ఒకనాటి రేవు పేరును.

సాహిత్య చరిత్రకారులు కూడా ఇక్కడ తొందరపడరాదు. 1910 నాటి ఆంధ్ర జాతీయ కళాశాలను చూపి బందరు చైతన్యాన్ని రైలుకు ముడిపెట్టడం సులభమే. అయితే 1902లోనే వెలువడిన కృష్ణాపత్రిక ఆ వాదానికి అడ్డుపడుతుంది.

విద్యుదీకరణను చరమ ఘట్టంగా భావించేవారు ఇంగ్లండులోని న్యూపోర్ట్ – షిల్డన్ మార్గాన్ని గమనించాలి. బొగ్గు రవాణా కోసం 1915లో 1500 వోల్టుల విద్యుత్తుతో అక్కడ రైళ్లు నడిచాయి. రవాణా తగ్గి, పరికరాల పునరుద్ధరణ గిట్టుబాటు కాకపోవడంతో 1935లో ఆ మార్గం మళ్లీ ఆవిరి ఇంజన్ల పాలైంది. ఇరవై ఏళ్లకే విద్యుత్తు వెనుదిరిగింది. బందరు మార్గం ప్రధానంగా ప్రయాణికులది, దేశవ్యాప్త విద్యుదీకరణలో భాగం. కాబట్టి అదే గతి పడుతుందని చెప్పడం అతివ్యాప్తి అవుతుంది. తీగ ఉన్నంత మాత్రాన మార్గానికి పని ఉన్నట్లు కాదన్న మేరకే ఈ పోలిక చెల్లుతుంది.

అసలు లోపం దివిసీమ దగ్గర బయటపడుతుంది. ఇటు బందరులో ఒక రైలుమార్గం ఆగిపోతుంది. కృష్ణకు అవతల రేపల్లెలో మరొకటి ఆగిపోతుంది. నడుమ ఉన్న దీవికి పట్టాలే లేవు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది మరణించిన నేల ఇది. దానిపై వచ్చిన కథలను, కవితలను బోధించేటప్పుడు మనం ప్రకృతి బీభత్సాన్ని వర్ణిస్తాం గాని, దారుల లేమిని ప్రశ్నగా పెట్టం. రవాణా చరిత్ర అంటే ఉన్న పట్టాల చరిత్రేనన్న అలవాటు దీనికి కారణం. అవనిగడ్డ నుండి రాయడం మొదలుపెడితే, 1908 కన్న పులిగడ్డ – పెనుమూడి వంతెనే పెద్ద మలుపుగా కనిపిస్తుంది.