ఉద్దెర ఎంత, నగదు ఎంత?

స్టార్టప్ పెట్టినవాళ్లు బ్యాలెన్స్ షీట్ పట్టుకొని వస్తే అందులో నేను ముందు చూసేవి రెండు వరుసలు. బ్యాంకులో ఎంత ఉంది, బయటి నుంచి రావాల్సింది ఎంత ఉంది. మన కరీంనగర్ మాటలో చెప్పాలంటే నగదు ఎంత, ఉద్దెర ఎంత.

ఈమధ్య విత్తనాలు, పురుగుమందులు సరఫరా చేసే ఓ యువకుడు వచ్చాడు. "అమ్మకాలు డబుల్ అయినయి సార్" అన్నాడు సంబరంగా. "పైసలు వచ్చినయా?" అంటే, "డీలర్ల దగ్గర ఉన్నయి సార్, పంట చేతికొస్తే ఇస్తరు" అన్నాడు. 2021లో కంపెనీల చట్టం షెడ్యూల్ 3ను సవరించాక, రావాల్సిన బాకీలు ఎంత పాతవో విడదీసి చూపడం తప్పనిసరైంది. ఆరు నెలల లోపువి మొదలు మూడేళ్లు దాటినవి దాకా ఏ గడి దానిదే. ఆ నోట్ తీసి చూస్తే సగానికి పైగా ఏడాది దాటిన బాకీలే. పంట వచ్చింది, పోయింది, పైసలు మాత్రం రాలేదు. వాటిని అమ్మకాలనడానికి నాకు నోరు రాలేదు.

బ్యాలెన్స్ షీటు ఏ తేదీదో కూడా మరువొద్దు. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులనే చూడండి. అక్టోబరు, నవంబరు నుంచి పత్తి యార్డుకు వస్తుంది. కొనుగోళ్లు జోరుమీద ఉన్నప్పుడు బ్యాంకు అప్పు తారస్థాయికి చేరుతుంది. మార్చి 31 నాటికి బేళ్లు అమ్ముడై ఆ అప్పు తగ్గి ఉండొచ్చు. ఆ ఒక్కరోజు లెక్క చూసి మిల్లుకు బరువే లేదనుకుంటే ఎట్లా? సాగు చుట్టూ తిరిగే స్టార్టప్‌లదీ అదే తీరు. పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక వాల్యుయేషన్. పది రూపాయల షేరును వెయ్యికి అమ్మితే పది వాటా మూలధనంలోకి, 990 సెక్యూరిటీస్ ప్రీమియంలోకి పోతాయి. పేపర్లో వచ్చే 'వంద కోట్ల కంపెనీ' అన్న అంకె బ్యాలెన్స్ షీటులో ఎక్కడా ఉండదు. అది చివరగా అమ్మిన షేరు ధరతో మొత్తం షేర్లను గుణించిన లెక్క. జీతాలకు అది అక్కరకు రాదు. బ్యాంకులో మిగిలిన సొమ్మును నెలనెలా కరిగిపోయే సొమ్ముతో భాగించండి. కంపెనీకి ఇంకెన్ని నెలల ఊపిరి ఉందో తేలిపోతుంది.

అట్లాగని నగదు వరుసనూ గుడ్డిగా నమ్మలేం. సత్యం కంప్యూటర్స్ 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపింది. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. స్టాకు విలువ మీద, బాకీల మీద అందరికీ అనుమానం వస్తుంది. బ్యాంకు నిల్వను ఎవరు అనుమానిస్తారు? మోసం అక్కడే దాక్కుంది.

పెట్టుబడి పెట్టేవాళ్లకు ఒక మాట. కంపెనీ పంపిన కాగితంతో సరిపెట్టుకోకండి. నిల్వ ఎంతో బ్యాంకు నుంచే నేరుగా రాయించుకోండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కడితే, కంపెనీ దాఖలు చేసిన బ్యాలెన్స్ షీటును ఎవరైనా చూడొచ్చు. లక్షలు పెట్టే ముందు ఆ వంద పెట్టండి.